పైకి పోవాల్సిన గాలి

అన్నయ్యకి, నీ చెల్లెలు రాస్తున్నది.

ఈ పొద్దున టీ గిన్నె మీది ఆవిరి నిటారుగా లేవలేదు. కాసేపు తటపటాయించి తలుపు కింద సందు వైపు వంగింది. రోజూ అంతేనేమో, నేనెప్పుడూ చూసి ఉండను. ఈమధ్య గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో చూడటం నాకొక జబ్బులా పట్టుకుంది. బస్సులో కూర్చున్నా అదే చూస్తున్నాను. అమ్మ వెనక నుంచి వచ్చి, "టీ కాస్తా కషాయమైంది. ఆవిరి చూడ్డం అయిపోతే దించు తల్లీ" అంది.

మేమిక్కడ బాగానే ఉన్నాం. ఇదివరకు ఈ మాట రాసేటప్పుడు చెయ్యి ఆగేది కాదు. ఇప్పుడు ఆగుతోంది. అయినా రాస్తున్నాను. అమ్మ తింటోంది, నేను తింటున్నాను, వానలకి ఇల్లు కారడం లేదు. నీ చేతులు మానుతున్నాయని తెలిస్తే మిగతాదంతా అదే సర్దుకుంటుంది.

నర్సమ్మగారూ, మీకు నమస్కారం. మా అన్నయ్య కళ్లు ఇంకా మసగ్గానే ఉన్నాయని, ఆయన ఉత్తరాలు చదివేదీ రాసేదీ మీరేనని తెలిసింది. మీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మా కాన్వెంటులో సిస్టర్ చూసి ఉంటే నా కాపీ పక్కన మీది పెట్టి నన్ను బెంచీ ఎక్కించేవారు. ఈ ఉత్తరం పొడుగు. మధ్యలో ఆయన "ఇక చాలు, మడిచేయండి" అంటారు. మడవకండి. కోప్పడితే ఆ కోపం నాదని చెప్పండి.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెప్తాను. అమ్మ మోకాలు అలాగే ఉంది. నూనె రాస్తే తగ్గుతుందని కింది వాటా ఆవిడ అంటుంది, రాయొద్దని డాక్టరు అంటాడు. ఇద్దరినీ నొప్పించడం ఇష్టం లేక అమ్మ ఒక మోకాలికే రాసుకుంటోంది. నీ కాన్వాసు బూట్లు ఎక్కడికీ పోలేదు. ఆ పెట్టెలో పిల్లి ఈనింది. తీయబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వాడొచ్చేసరికి అవే లేచిపోతాయిలే" అంది. కాబట్టి నువ్వు వచ్చేసరికి బూట్లు ఉంటాయి, వాసన కూడా ఉంటుంది. పుస్తకాలు చదువుతున్నావా అని అడిగావు. చదువుతున్నాను. ఇంత చదువు నా జన్మలో చదవలేదు. అయితే అన్నీ ఒకటే కథ. బోర్డు ఏమంటోంది అన్న నీ ప్రశ్నకి కూడా అందులోనే జవాబుంది కనుక, అక్కడి నుంచి మొదలుపెడతాను.

మీ సబ్‌మెరీన్ పేలుడు మీద వేసిన విచారణ బోర్డు కూర్చునేది నేను పనిచేసే డాక్‌యార్డు లైబ్రరీ పక్కన పాత డ్రాయింగుల గదిలో. పొడుగాటి బల్ల, దానికి ఒక కాలు పొట్టి. ఆ కాలి కింద మడిచిన అట్టముక్క రోజూ పొద్దున్నే నేనే సర్దుతాను. అధ్యక్షుడుగారు రిటైరైన పెద్ద అధికారి. గట్టిగా మాట్లాడరు. ఆయన కుడిపక్క ఒక కెప్టెన్. ఆయనకి ఏ సంగతైనా భోజనాల వేళకి తేలిపోవాలి. ఎడమపక్క యూనివర్సిటీ నుంచి పిలిపించిన కెమిస్ట్రీ మాస్టారు. ఆయన కోటు జేబు ఎప్పుడూ సుద్దతో తెల్లగా ఉంటుంది. నా అన్న ఆ బోటులో పనిచేసేవాడని మొదటిరోజే చెప్పాను. అధ్యక్షుడుగారు కళ్లద్దాల పైనుంచి చూసి, "అడిగిన పుస్తకం తెస్తావు, చెప్పింది రాసుకుంటావు. దానికి అన్నలుంటే ఏం, తమ్ముళ్లుంటే ఏమమ్మా" అన్నారు. నాకు అంతకంటే మాట్లాడటం చేతకాదని నీకు తెలుసు. రాసుకోవడం మొదలుపెట్టాను.

ఇంతకుముందు ఎక్కడెక్కడ సబ్‌మెరీన్లు లోపల్నుంచి పేలాయో, ఎందుకు పేలాయో, ఆ రిపోర్టులన్నీ తీయమన్నారు. తీశాను. చదువుతుంటే నాకొక సంగతి అర్థమైంది. మీరు బయట ఉన్న సముద్రానికి భయపడతారు గానీ, భయపడాల్సింది మీతో పాటు లోపలికి తీసుకెళ్లే సామానుకి. కొన్ని రకాల టార్పెడోల్లో ఇంధనంతో పాటు ఒక ఘాటైన ద్రవం పోస్తారట. చూస్తే మంచినీళ్లే. అతుకు దగ్గర కాస్త కారి, తుప్పుకో ఇత్తడికో తగిలితే చాలు, ఒక్కసారిగా ఆవిరై ఉబ్బి టార్పెడోని చీల్చుకుని వస్తుంది. ఆ మంటకి పక్కనున్న టార్పెడోల్లో పేలుడు మందు కాగుతుంది. మొదటి పేలుడు చిన్నది, కాసేపటికి రెండోది పెద్దది. రెండింటికీ మధ్య దొరికే ఆ కాసేపట్లో లోపలివాళ్లు ఏం చేసి ఉంటారో ఏ రిపోర్టులోనూ లేదు. మీ ముసలమ్మలో (కెప్టెన్‌గారికి మీ బోటు అసలు పేరు కంటే మీరు పెట్టిన ఈ పేరే నచ్చింది) ఆ రకం టార్పెడోలు లేవని, అన్నీ బ్యాటరీతో నడిచేవేనని తేలడానికి రెండు పూటలు పట్టింది. ఆ కారణాన్ని జాబితాలోంచి కొట్టేశారు.

లోతులో ఉన్నప్పుడు ఆక్సిజన్ కోసం వెలిగించే డబ్బాల మీద నూనె మరక ఉన్నా పేలతాయట. అప్పుడు మీరు ఒడ్డునే కట్టేసి ఉన్నారు, డబ్బాలకి వేసిన సీళ్లు తర్వాత చూస్తే చెదరలేదు. కొట్టేశారు. సన్నటి బెజ్జంలోంచి నూనె పొగమంచులా చిమ్మి వేడి గొట్టానికి తగలడం, బ్యాటరీల్లోకి ఉప్పునీళ్లు దిగడం, పక్క బోటులో వెల్డింగు రవ్వ ఎగిరిరావడం, ఇలా ఒక్కొక్కటీ రాయించడం, రెండోరోజు కొట్టేయించడం. నా వేళ్లకి సిరా వదలడం లేదు. మధ్యాహ్నాలు ఆ గదిలో ఉక్కపోతకి మాస్టారు కునికిపాట్లు పడతారు, కెప్టెన్‌గారు గడియారం చూస్తారు, నేను అట్టముక్క కాలి కిందికి తోస్తాను. ఇంతమంది చనిపోయిన సంగతి గురించి మాట్లాడుతున్నామని ఒక్కోసారి మా ముగ్గురికీ గుర్తుండదు. అధ్యక్షుడుగారికి గుర్తుంటుంది. అందుకేనేమో ఆయన మా అందరికంటే ముందు అలిసిపోతారు.

చివరికి బ్యాటరీ గాలి దగ్గర ఆగారు. ఆరోజు మాస్టారు బాగా హుషారుగా ఉన్నారు. "హైడ్రోజన్‌కి రంగు లేదు, వాసన లేదు, మర్యాద అంతకన్నా లేదు" అన్నారు. "చార్జింగు చివరికొచ్చేసరికి బ్యాటరీ ఊపిరి వదిలినట్టు దాన్ని వదులుతూనే ఉంటుంది. ఫ్యాను దాన్ని లాగి పైకి పంపేస్తే ఏ గొడవా లేదు. అక్కడే పోగుపడిందో, ఎవరైనా లైటు స్విచ్చి నొక్కినా చాలు."

"ఫ్యాను తిరుగుతోందని అందరూ చెప్పారు కదా" అన్నారు కెప్టెన్‌గారు.

"తిరుగుతోంది."

"మరి పోగెలా పడుతుంది?"

"అదే నాకూ తెలీడం లేదు."

"నాకు తెలుసు. గాలి ఎప్పుడూ ఉండే కొంచెమే. దాని నోటి దగ్గర నిప్పు పట్టుకుని ఎవడో కూర్చున్నాడు. ఎవడు?"

అక్కడ వచ్చింది పొగబండి బాబాయ్ పేరు.

నర్సమ్మగారికి తెలీదు కాబట్టి చెప్తున్నాను. బాబాయ్ మా ఎదురు వాటాలో ఉండేవారు. టార్పెడో గదిలో అందరికంటే పాతకాపు. అన్నయ్య బోటులో చేరిన కొత్తలో తల ఎక్కడ వంచాలో, ఏ మెట్టు మీద కాలు జారుతుందో నేర్పింది ఆయనే. బోటు ఒడ్డున ఉన్నప్పుడల్లా పైకొచ్చి సిగరెట్ వెలిగించేవారు. అందుకని ఆ పేరు. ఆ పేలుడులో పోయినవాళ్లలో ఆయనొకరు.

సాక్షులు వరుసగా వచ్చారు. పైనున్న కాపలా మనిషి, వంటవాడు, రేడియో కుర్రాడు. కెప్టెన్‌గారు అందర్నీ ఒకటే అడిగారు. "ఆయన్ని మీరంతా ఏమని పిలిచేవారు?"

"పొగబండి అనేవాళ్లమండీ."

"ఎందుకని?"

వాళ్లు కిందికి చూశారు. నవ్వాలో ఏడవాలో తెలీని మొహాలు. వంటవాడు మాత్రం, "పైన తాగేవాడండీ, లోపల ఎప్పుడూ తాగలేదు" అన్నాడు. "నువ్వు ఎప్పుడూ ఆయన పక్కనే ఉన్నావా?" అన్నారు కెప్టెన్‌గారు. సరదాకి పెట్టుకున్న పేరుని నేను నా చేత్తో ఎన్నిసార్లు రాశానో. రాసినకొద్దీ అది నేరంలా కనపడసాగింది. అన్నయ్యా, ఆ పేరు పెట్టింది నువ్వేనని గుర్తుందా?

తర్వాత పిన్నిని పిలిచారు. బాబాయ్ భార్య. చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని కుర్చీ అంచున కూర్చుంది.

"మా ఆయన సిగరెట్లు మానేశారండీ" అంది.

"ఎప్పుడు?"

"దగ్గు పట్టుకున్నప్పుడు."

"మానేశాడని మీకెవరు చెప్పారు?"

"ఆయనే."

కెప్టెన్‌గారు నవ్వలేదు గానీ, నవ్వు ఆపుకున్నట్టు తెలిసింది. "మొగుళ్లు పెళ్లాలకి చెప్పేవన్నీ సాక్ష్యాలైతే మేమంతా మహాత్ములమే" అన్నారు. పిన్ని మాట కళ్లారా చూసింది కాదు, వినికిడి కిందికి వస్తుందని, రాసుకోవద్దని నాకు సైగ చేశారు. నేను కలం కింద పెట్టాను. పిన్ని నా కలం వైపు చూసింది. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి, "నీకు చెయ్యి నొప్పెడుతోందా అమ్మా?" అంది.

క్వార్టర్లలో సంగతి నీకు రాయలేదు. కిందటి ఉత్తరంలో కావాలనే దాటేశాను. ఇక్కడ నువ్వు వీరుడివి. పైన క్షేమంగా ఉన్నవాడు మళ్లీ కిందికి దూకి, కాలుతున్న హాచ్ ద్వారం అంచు పట్టుకుని మనుషుల్ని లాగాడని పేపర్లో వేశారు. అది నిజమే. నీ చేతులే సాక్ష్యం. కానీ ఆ పేపర్లోనే కింద చిన్న అక్షరాల్లో సిగరెట్ సంగతి కూడా వేశారు. ఆ రోజు నుంచి బస్సు వరుసలో పిన్ని వెనక ఇద్దరు నిలబడేంత ఖాళీ వదులుతున్నారు. కొళాయి దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్లకి ఇంట్లో ఏదో పని గుర్తొస్తుంది.

మన అమ్మ అందరికంటే ఘోరం. ఇరవై ఏళ్లుగా ఒకరింటి పంచదార ఒకరింటికి నడుస్తూ ఉండేది కదా. ఇప్పుడు మెట్ల మీద పిన్ని ఎదురైతే గోడ వైపు తిరిగి నిలబడుతోంది. ఒకరోజు పిన్ని ఆగి, "వదినా, అబ్బాయి చేతులు ఎలా ఉన్నాయి?" అని అడిగింది. అమ్మ ఊరుకోలేదు. "మీ ఆయన వెలిగించిన పుల్లకి ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి" అంది. పిన్ని మెట్లు దిగలేదు, ఎక్కలేదు. అక్కడే రెయిలింగు పట్టుకుని నిలబడింది. నేను అమ్మ వెనక ఉన్నాను. నా చేతిలో కూరల సంచి ఉంది. ఇంట్లోకి వచ్చి ఆ సంచి ఎక్కడ పెట్టానో నాకే తెలీదు. బంగాళాదుంపలు రెండ్రోజుల తర్వాత బీరువాలో దొరికాయి.

ఎందుకంటే నాకు తెలుసు. నీకు తెలుసు నాకు తెలుసని.

నిన్ను ఆ ఊరి ఆసుపత్రికి పంపకముందు, ఇక్కడి ఆసుపత్రిలో, జ్వరం ఎక్కువగా ఉన్న ఆ మధ్యాహ్నం నువ్వు నాతో అన్నావు. అమ్మ డాక్టరు కోసం వెళ్లింది. నేను నీ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తున్నాను. నువ్వు కళ్లు మూసుకునే చెప్పావు. "బాబాయ్ దగ్గి దగ్గి చచ్చిపోతున్నాడే. ఫ్యాను గాలి లాగే నోరు సరిగ్గా ఆయన పక్క దగ్గరే. హాచ్ లోంచి వచ్చే చలిగాలంతా ఆయన వీపు మీంచే పోతోంది. కాసేపే కదా అని ఆ నోట్లో దుప్పటి కుక్కాను. పైకెళ్లి చార్జింగు కేబుల్ చూసొచ్చి తీసేద్దామనుకున్నా." గాలి తగ్గితే మీటరు ముల్లు చూపించదా అని నేను అడగనేలేదు, నువ్వే చెప్పావు. ముల్లు పడింది, చూశావు. కానీ ముసలమ్మ ముల్లు ఎప్పుడూ అబద్ధాలే చెబుతుందని, దాన్ని గోటితో కొడితే గానీ కదలదని మీ అందరికీ తెలుసు. నమ్మకపోవడం అలవాటైపోయింది. దగ్గు వచ్చిన ప్రతివాడికీ ఎవరో ఒకరు ఆ నోటికి ఏదో ఒకటి అడ్డం పెట్టడం కూడా అలవాటేనట. చొక్కా, తువ్వాలు, ఒకసారి ఎవరిదో పైజమా. ఎప్పుడూ ఏమీ కాలేదు. ఆరోజు చార్జింగు చివరికొచ్చింది.

తర్వాత జ్వరం తగ్గింది. నువ్వు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కిందటి ఉత్తరం చివర్న రాయించావు: "ఆ విషయం ఎవరితోనూ అనకు. చెప్తే ఆయన తిరిగొస్తాడా?" దాని కింద నర్సమ్మగారు బ్రాకెట్లో తన మాటగా రాశారు. ఈ వాక్యం చెప్పాక మీ అన్నయ్య చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకున్నారు అని. ఆవిడ రాయకపోతే బాగుండేది. ఆ బ్రాకెట్లో ఉన్నదాన్ని నేను దాటలేకపోయాను.

నర్సమ్మగారూ, కాసిని మంచినీళ్లు తాగండి. ఆయనకీ ఇవ్వండి. ఇక్కడి నుంచి నేను రాయడానికి భయపడుతున్న సంగతి.

అన్నయ్యా, నేను చెప్పేశాను.

కిందటి ఆదివారం మధ్యాహ్నం పిన్ని ఇంటికి వెళ్లాను. తలుపు తీసే ఉంది. బాబాయ్ యూనిఫారాలు ఆఫీసుకి తిరిగి ఇచ్చేయమన్నారట. వాటిని ఇస్త్రీ చేస్తోంది. ఎలాగూ ఎవరో వాటిని గోనెసంచిలో కుక్కుతారు. అయినా కాలరు కూడా తిప్పి రుద్దుతోంది. నేను గుమ్మానికి చేరగిలబడి నిలబడ్డాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీలేదు. నాకు మాట పెగలదని ఆమెకి తెలుసు, అందుకని తొందరపెట్టలేదు. రెండో చొక్కా అయ్యేదాకా ఆగింది. మూడోది బల్ల మీద పరుస్తుంటే చెప్పాను. దుప్పటి, గాలి, ముల్లు, కేబుల్. నేను రిపోర్టులు చదివినట్టే చెప్పాననుకుంటాను. ఇంకోలా చెప్పడం నాకు రాదు.

పిన్ని ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. కింద ఎవరో పిల్లలు బంతి గోడకి కొడుతున్నారు.

"ఆయనకి నిద్ర పట్టిందా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"దుప్పటి అడ్డం పెట్టాక. నిద్ర పట్టిందా? ఇంటికొచ్చినప్పుడు కూడా కూర్చునే తెల్లవార్లూ దగ్గేవారు. పడుకుంటే ఊపిరాడేది కాదు."

"పట్టిందట పిన్నీ. అన్నయ్య మెట్లెక్కుతుంటే గురక వినపడిందన్నాడు."

"ఏ పక్కకి తిరిగి పడుకున్నారు?"

నాకు తెలీదన్నాను. నువ్వు చెప్పలేదు కదా. "అన్నయ్య మీద కోపం రావడం లేదా పిన్నీ?" అన్నాను. అనకూడనిదే. నోరు జారింది.

"రాకేం? వస్తుంది. ఇప్పుడు తీరిక లేదు, తర్వాత వస్తుంది" అని మళ్లీ ఇస్త్రీపెట్టె ఎత్తింది. కాసేపాగి, "పెళ్లైనప్పటి నుంచీ మానమని పోరాను. మానితే ఒకరూ నమ్మరే" అంది. అప్పుడు ఏడ్చింది. నేను ఆ చొక్కా మాడకుండా ఇస్త్రీపెట్టె తీసి పక్కన పెట్టాను. అది తప్ప నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఆ సాయంత్రం అమ్మకి చెప్పాను. నువ్వు నన్ను క్షమించకపోయినా ఇది మాత్రం క్షమించాలి. ఆవిడ పిన్నితో అన్న మాట దిద్దకుండా అలాగే ఉండిపోతే నేను బతకలేను. అమ్మ విన్నది. "నా కొడుకు ఎవరి మేలు కోరినా ఇలాగే తగలడుతుంది" అంది. తర్వాత నన్ను నాలుగు తిట్టింది, నిన్ను నాలుగు తిట్టింది, బాబాయ్‌ని కూడా తిట్టింది, దగ్గుకి మందేసుకోవచ్చు కదా అని. అన్నీ అయ్యాక మోకాలు పట్టుకుని లేచి, గిన్నెలో టీ పోసుకుని, మూత పెట్టి, ఎదురు వాటా తలుపు కొట్టింది. లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలీదు. నన్ను రానివ్వలేదు.

మర్నాడు బోర్డులో చెప్పాను. అందరూ కూర్చున్నాక నేను నిలబడ్డాను. బల్ల అంచు పట్టుకున్నాను. ఒక కాలు పొట్టి కావడంతో అది ఊగింది. చెప్పడం అయ్యాక కెప్టెన్‌గారు, "నువ్వు కళ్లారా చూశావా?" అన్నారు.

"లేదండీ. అన్నయ్య చెప్పాడు."

"అంటే వినికిడి."

"పిన్నిగారు చెప్పిందీ వినికిడే కదండీ" అన్నాను. "దాన్ని రాసుకోలేదు. ఇదైనా అదైనా ఒకటే. రెండూ రాసుకోండి."

నా గొంతు నాకే కొత్తగా ఉంది. కెప్టెన్‌గారు నోరు తెరిచారు. అధ్యక్షుడుగారు చెయ్యెత్తి ఆపి, కాగితం తన ముందుకు లాక్కుని, నా కలం తీసుకుని స్వయంగా రాశారు. ముందు పిన్ని మాట రాశారు. తర్వాత నాది.

మాస్టారు మాత్రం నన్ను వదల్లేదు. ఉన్నిదా, నూలుదా? ఎంత మందం? నోరంతా మూసిందా, ఒక పక్క వదిలిందా? చార్జింగు మొదలైన ఎంతసేపటికి? తెలిసింది చెప్పాను. ఆయన సుద్దతో నల్లబల్ల మీద చాలాసేపు లెక్కలు వేసి, చేతులు దులుపుకున్నారు. "గాలి పూర్తిగా ఆగి ఉండదు. తగ్గి ఉంటుంది. ఎంత తగ్గిందో చెప్పగలిగింది ఆ దుప్పటి ఒక్కటే. అది కాలిపోయింది. బ్యాటరీలు కూడా పాతవి, ఉండాల్సినదాని కంటే ఎక్కువ వదిలి ఉండొచ్చు. రవ్వ ఎక్కడిదో ఎప్పటికీ తెలీదు" అన్నారు. తర్వాత నావైపు తిరిగి మెల్లగా, "మీ అన్నకి రాసేటప్పుడు ఇదంతా రాయి, సగం రాయకు" అన్నారు. అందుకే ఇదంతా రాస్తున్నాను. నీవల్లే అని ఎవరూ అనలేరు అన్నయ్యా. నీవల్ల కాదని నేను అనలేను. నేను ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఈ రెండింటికీ మధ్య ఇంకో మాట దొరకలేదు.

ఆరోజు సాయంత్రమే సిగరెట్ మాట కొట్టేశారు. నాకు ఆ గదిలోకి ఇక రావద్దని చెప్పారు. ఇప్పుడు నేను సాక్షిని కనుక రాసుకునే మనిషిగా ఉండకూడదట. సబబే. నా బల్ల మీద ఇప్పుడు మామూలు పుస్తకాలే ఉన్నాయి. పంపుల మీద ఒకటి, తాళ్ల ముడుల మీద ఒకటి. వాటి మీద దుమ్ము దులుపుతున్నాను. అలసట పోవడం లేదు. ఆదివారం పొద్దెక్కేదాకా పడుకున్నా, లేచేసరికి పడుకోనట్టే ఉంటోంది.

బోర్డు తరఫున ఇద్దరు నీ వాంగ్మూలం కోసం వచ్చే వారం అక్కడికి వస్తారు. ఒకరు మాస్టారు. ఆయనకి భయపడకు. ఇంకొకరు కెప్టెన్‌గారు. భోజనం వేళ దాటేదాకా లాగు, ఆయనే విసుగెత్తి తగ్గుతారు. ఏం చెప్పాలో నేను చెప్పను. నాకు చెప్పినట్టే చెప్పు. పేపరువాళ్లు నీ గురించి రాసింది కొట్టేయాల్సిన పని లేదు. నువ్వు కిందికి దూకావు. దుప్పటీ నువ్వే పెట్టావు. రెండూ నువ్వే. అమ్మ కూడా అదే అంది, కాకపోతే తిట్టు కలిపి అంది.

నా మీద కోపం వస్తే నర్సమ్మగారి చేత రాయించు. ఆవిడ తిట్లు రాయనని అంటే, మొదటి అక్షరం రాసి చుక్కలు పెట్టమను. నేను పూరించుకుంటాను. అసలేమీ రాయకుండా మాత్రం ఉండకు. ఖాళీ కవరు పంపినా సరే.

పిన్ని నిన్న పొద్దుటి రైల్లో నీ దగ్గరికి బయల్దేరింది.

ఇట్లు,
నీ మాట దాటిన
నీ చెల్లెలు